వ్రాతలో తప్పు – మాటలో యాస

మోస్రా నిజామాబాదు జిల్లాలో వర్ని, బోధన్ పరిసరాలలోని మండల కేంద్రం. చుట్టూ వరి పొలాలు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతటా చెరకు తోటలు విరివిగా ఉండేవి. ఈ ఊరి నుండి జూనియర్ కళాశాలకు వెళ్లి చదువుకొనే ఒక విద్యార్థిని తన తండ్రి కోసం ఒక దరఖాస్తు వ్రాసిందనుకొందాం. తండ్రి పేరు భూమయ్య. పట్టాదారు పాసుపుస్తకంలో ఆ పేరు 'బూమయ్య' అని, ఆధార్ కార్డులో 'భూమయ్య' అని పడింది. ఆ రెండు పేర్లూ ఒక మనిషివేనని నిరూపించుకోవడానికి ఆయన కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క ఒత్తు లోపించడం వల్ల ఒక రైతు ఎన్నో పనిదినాలు పోగొట్టుకొన్నాడు. ఆ తప్పును దిద్దించుకోవడానికి కుమార్తె వ్రాసిన దరఖాస్తులోని ముఖ్యభాగం ఇది:

"మా నాన్న పేరు పాసుపుస్తకంలో తప్పుగా పడినందున మూడేండ్ల నుండి మాకు ప్రబుత్వ పతకం అందడం లేదు. పోయిన యాసంగిలో వడ్ల దిగుమతి కూడా తగ్గింది. కావున పేరు సరిచేసి ధృవీకరణ పత్రం ఇప్పించగలరని ప్రార్ధన."

ఆ కాగితాన్ని ఆమె తన పెదనాన్నకు చూపింది. ఆయన బాగా చదువుకొన్నవాడు. ఎర్ర కలం తీసి ఎనిమిది పదాల చుట్టూ సున్నాలు చుట్టాడు: మూడేండ్లు, ప్రబుత్వ, పతకం, యాసంగి, వడ్లు, దిగుమతి, ధృవీకరణ, ప్రార్ధన. "ఇంటరు చదువుతున్నావు, నాలుగు మాటలు తప్పు లేకుండా వ్రాయలేవా?" అని విసుక్కొన్నాడు. ఆ పిల్ల చిన్నబోయింది. "మూడేండ్లు అని మన ఇంట్లో అందరం అంటాం గదా పెదనాన్నా, అది కూడా తప్పేనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం. పెదనాన్న విసుగులో న్యాయం లేకపోలేదు. గోడల మీద, దుకాణాల బోర్డుల మీద, పెండ్లి పత్రికలలో, పత్రికా ప్రకటనలలో ప్రతిరోజూ కనిపించే తప్పులు భాషాభిమాని మనస్సును నొప్పిస్తాయి. అయితే ఆయన గుర్తించిన ఎనిమిదింటిలో ఐదు మాత్రమే నిజమైన తప్పులు. తక్కిన మూడూ తప్పులు కావు. ఈ తేడాను తెలుసుకొనకుండా విసుక్కొంటే భాషకు మేలు జరగదు. వ్రాసేవారికి వ్రాయడమంటేనే భయం కలుగుతుంది.

ఒత్తక్షరాల చిక్కు

మొదటి తప్పు 'ప్రబుత్వ' అన్నది. 'ప్రభువు' నుండి పుట్టిన మాట 'ప్రభుత్వం'. రాజ్యం చేసేవాడు ప్రభువు. ఆయన అధికారం ప్రభుత్వం. మూలపదంలో 'భ' ఉన్నది కనుక దాని నుండి వచ్చిన పదంలోనూ 'భ' ఉండవలసిందే. 'భూమి' నుండి వచ్చిన 'భూమయ్య' పేరు విషయమూ ఇంతే.

ఈ తప్పు ఎందుకు జరుగుతుంది? అచ్చ తెలుగు పదాలలో సాధారణంగా ఒత్తక్షరాలు ఉండవు. నలభై, యాభై వంటి కొన్నింటిని మినహాయిస్తే ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ అనే అక్షరాలు ఎక్కువగా సంస్కృతం నుండి, ఇతర భాషల నుండి వచ్చిన మాటలతో మన భాషలోకి ప్రవేశించాయి. నిత్య వ్యవహారంలో మనం వాటిని ఒత్తి పలకం. చెవికి వినిపించని తేడాను చెయ్యి వ్రాయలేదు. అందువల్ల ఇటువంటి పదాలను చెవితో గాక కంటితో నేర్చుకోవాలి.

ఒక్కొక్క పదాన్ని విడిగా కంఠస్థం చేయడం కష్టం. పదాలను కుటుంబాలుగా గుర్తుంచుకోవడం సులభం. దరఖాస్తు చివర ఉన్న 'ప్రార్ధన' అన్న మాటను తీసుకొందాం. 'అర్థించడం' అంటే కోరడం. విద్యను అర్థించేవాడు విద్యార్థి. పదవిని గాని, అవకాశాన్ని గాని అర్థించేవాడు అభ్యర్థి. వినయంతో అర్థించడం ప్రార్థన, అభ్యర్థన. ఈ మాటలన్నింటిలోనూ 'థ' ఉంటుంది. అర్థం, పదార్థం, స్వార్థం, సమర్థుడు అనే మాటలలోనూ 'థ' యే ఉంటుంది. 'అర్ధం' అంటే సగం. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధాంగి అనే మాటలలో 'ధ' ఉంటుంది. "నాకు పాఠం అర్ధమైంది" అని వ్రాసినవారు తమకు పాఠం సగమే తెలిసిందని ఒప్పుకొన్నట్లవుతుంది!

ఇట్లాగే మరికొన్ని కుటుంబాలను గమనించండి. ఉండటం, నిలవడం అనే భావం గల 'స్థ' కుటుంబంలో స్థానం, స్థాపన, సంస్థ, అవస్థ, వ్యవస్థ, గృహస్థు అనే మాటలున్నాయి. హస్తం, విస్తరణ, ప్రస్తావన, వాస్తవం అనే మాటలకు ఆ కుటుంబంతో సంబంధం లేదు. వాటిలో ఒత్తు లేదు. బంధం, బంధువు, నిబంధన, సంబంధం ఒక కుటుంబం. కనుక 'సంభందం' తప్పు. బాధ, బాధితుడు, బాధ్యత అనే మాటలలో మొదటిది 'బ', తరువాతిది 'ధ'. 'భాద', 'భాద్యత' అని ఒత్తును ముందుకు జరపడం తప్పు. యథాశక్తి, యథావిధి, యథాతథం అనే మాటలలో 'యథా' అన్నదే సరైన రూపం. కథ, రథం, గ్రంథం, ప్రథమం అనే మాటలలో 'థ' ఉంటుంది. ప్రధానం, విధానం, నిషేధం అనే మాటలలో 'ధ' ఉంటుంది.

ఒత్తు లేని చోట ఒత్తు పెట్టడం కూడా తప్పే. శ్రద్ధ, బుద్ధి, వృద్ధి, పద్ధతి అనే మాటలలో 'ద్ధ' ఉన్నదని 'ఉద్దేశం' అన్న మాటను 'ఉద్ధేశం' అని వ్రాసేవారున్నారు. 'ఉత్' అన్న ఉపసర్గకు 'దేశం' చేరి ఉద్దేశం అయింది. అందులో ఒత్తుకు తావు లేదు.

పాండిత్యం మీది భ్రమ

దరఖాస్తులోని 'ధృవీకరణ' అన్నది మరొక రకమైన తప్పు. కుల, ఆదాయ, నివాస ధ్రువీకరణ పత్రాల కోసం వ్రాసే దరఖాస్తులలో, అచ్చయిన నమూనాలలో కూడా ఈ మాట 'ధృవీకరణ' అని తరచుగా కనిపిస్తుంది. సరైన రూపం 'ధ్రువీకరణ'. ధ్రువం అంటే స్థిరమైనది. ఆకాశంలో చలించనట్లు కనిపించే నక్షత్రం ధ్రువనక్షత్రం. ఒక విషయం నిజమని స్థిరపరచే పత్రం ధ్రువపత్రం. ఈ మాటలో 'ధ' కింద రావత్తు, దానికి ఉకారం ఉన్నాయి, ఋకారం లేదు.

తెలుగువారు ఋకారాన్ని సాధారణంగా 'రు' అని పలుకుతారు. అందువల్ల 'కృషి'ని 'క్రుషి' అని, 'గృహం'ను 'గ్రుహం' అని, 'హృదయం'ను 'హ్రుదయం' అని వ్రాసే తప్పు పుడుతుంది. దానిని దిద్దగా దిద్దగా మరొక తప్పు పుట్టింది. వట్రసుడి పెట్టిన మాటే పండితులు మెచ్చే మాట అన్న భ్రమ కలిగి, అక్కరలేని చోట కూడా దానిని పెట్టసాగారు. 'ధ్రువం' 'ధృవం' అయింది; 'శ్రుతి' 'శృతి' అయింది. తెలియక చేసిన తప్పు కంటె బాగా వ్రాయాలన్న తపనతో చేసిన తప్పును దిద్దడం కష్టం; అది తప్పన్న అనుమానమే వ్రాసినవారికి కలగదు.

చేతిఫోన్లలో తెలుగు వ్రాసే పద్ధతి కూడా ఈ తప్పులకు కొంత కారణం. చాలామంది రోమన్ లిపిలో అక్షరాలు నొక్కితే ఫోను వాటిని తెలుగులోకి మారుస్తుంది. ఒక మాటకు రెండు మూడు రూపాలను అది చూపుతుంది. వాటిలో ఏది సరైనదో ఎంచుకోవలసినవారు మనమే. మాట తెలియనివారికి యంత్రం చూపిన మొదటి రూపమే ప్రమాణమవుతుంది. ఒకరు పంపిన సందేశాన్ని పదిమంది యథాతథంగా పంపితే తప్పు పదింతలవుతుంది.

ఒకదాని బదులు మరొకటి

దరఖాస్తులోని 'పతకం', 'దిగుమతి' అనే మాటలలో అక్షరదోషం లేదు. రెండూ మంచి తెలుగులో వాడే మాటలే. అయితే అక్కడ ఉండవలసినవి కావు. పతకం అంటే ఆటలలోనో, చదువులోనో గెలిచినవారికి ఇచ్చే బిళ్ల. ప్రభుత్వం రైతుల కోసం రూపొందించేది పథకం. "మాకు ప్రభుత్వ పతకం అందడం లేదు" అంటే తమను సన్మానించడం లేదని ఫిర్యాదు చేసినట్లవుతుంది.

దిగుబడి అంటే పొలంలో పండిన పంట మొత్తం. దిగుమతి అంటే ఇతర దేశాల నుండి, ప్రాంతాల నుండి సరకు తెప్పించుకోవడం. దానికి వ్యతిరేకం ఎగుమతి. బియ్యం మిల్లుల వద్ద లారీల నుండి బస్తాలు దించడాన్ని కూడా దిగుమతి అంటారు. కాబట్టి "వడ్ల దిగుమతి తగ్గింది" అని చదివిన అధికారి, పంట తగ్గిందని గాక మిల్లులో బస్తాలు దించుకోవడం లేదని అర్థం చేసుకొనే అవకాశం ఉన్నది. రెండు సమస్యలు వేరు. వాటిని పరిష్కరించవలసిన అధికారులూ వేరు.

ధ్వనిలో దగ్గరగా ఉండి అర్థంలో దూరమైన ఇటువంటి జంటలు మన భాషలో చాలా ఉన్నాయి. ఎకరానికి వేయవలసిన ఎరువు ఎంత అన్నది పరిమాణం. మితిమీరి వేసినందువల్ల నేలలో కలిగే మార్పు పరిణామం. సభకు పిలువగా వచ్చినవారు ఆహూతులు. హోమంలో వేసేది ఆహుతి. "నృత్య ప్రదర్శన ఆహుతులను అలరించింది" అన్న వాక్యం వార్తలలో కనిపిస్తూ ఉంటుంది. అతిథులను అగ్నికి అర్పించిన పాపం ఆ వ్రాసినవారిది. చేసిన మేలు మరువనివాడు కృతజ్ఞుడు. మేలు మరిచినవాడు కృతఘ్నుడు. గుడిలో పంచేది ప్రసాదం. రాజు నివసించేది ప్రాసాదం. విత్తేది విత్తనం, ధనం విత్తం. వేలాది సంఖ్యను తెలిపేది వేల, సమయం వేళ. నిద్రలో వచ్చేది కల, నేర్చుకొనేది కళ. మహనీయుని జన్మదినం జయంతి; ఆయన మరణించిన తిథిని నేటి తెలుగులో వర్ధంతి అంటున్నాము. వర్ధంతికి శుభాకాంక్షలు చెప్పడం ఎంత అనుచితమో వేరుగా చెప్పనక్కరలేదు.

మాట కూర్పులో మరొక దోషాన్ని కూడా ఇక్కడ పేర్కొనవచ్చు. "ఈ దుకాణంలో విత్తనాలు అమ్మబడును", "దరఖాస్తులు స్వీకరించబడును" అనే వాక్యాలు బోర్డుల మీద కనిపిస్తాయి. ఇవి వ్యాకరణరీత్యా తప్పులు కావు. కాని 'బడు' చేర్చి చెప్పే ఈ కర్మణి ప్రయోగం తెలుగు మాటతీరుకు సహజం కాదు. కార్యాలయాల ఆంగ్ల వాక్యాలకు అనువాదంగా వ్యాపించింది. "ఇక్కడ విత్తనాలు అమ్ముతాము", "దరఖాస్తులు తీసుకొంటాము" అంటే వచ్చినవారికి వెంటనే తెలుస్తుంది.

తప్పు కానివి

ఇక మిగిలినవి మూడు మాటలు: మూడేండ్లు, యాసంగి, వడ్లు. ఇవి ఆ విద్యార్థిని ఇంటి మాటలు. వీటిని పెదనాన్న ఎందుకు తప్పుపట్టాడు? పుస్తకాలలో 'మూడేళ్లు', 'రబీ', 'ధాన్యం' అన్న రూపాలను ఎక్కువగా చదివినందువల్ల, పుస్తకంలో లేనిది తప్పన్న అభిప్రాయం ఆయనలో స్థిరపడింది.

'ఏండ్లు' అన్న రూపాన్ని పరిశీలిద్దాం. సంవత్సరం అనే అర్థంలో 'ఏడు' అన్న మాటను పూర్వం అరసున్నతో 'ఏఁడు' అని వ్రాసేవారు. సంఖ్యను తెలిపే 'ఏడు'కు అరసున్న లేదు. ఆ అరసున్న, ఒకప్పుడు ఆ మాటలో ముక్కుతో పలికే ధ్వని ఉండేదనడానికి గుర్తు. తెలంగాణ ప్రజలు 'ఏండ్లు' అన్నప్పుడు ఆ ధ్వని నేటికీ వినిపిస్తున్నది. ఇండ్లు, కండ్లు, పండ్లు అనే రూపాలు ప్రాచీన కావ్యాలలోనూ ఉన్నవే. ఇవే కొన్ని ప్రాంతాల వ్యవహారంలో ఇళ్లు, కళ్లు, పళ్లు అయ్యాయి. ఈ విధంగా చూస్తే పెదనాన్న ఎర్ర సున్నా చుట్టినది తప్పుకు కాదు, పాత తెలుగుకు.

'యాసంగి' తెలంగాణలో రెండవ పంటకాలానికి పేరు. 'రబీ' అరబీ నుండి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వమే తన ప్రకటనలలో వానాకాలం, యాసంగి అనే మాటలను వాడుతున్నది. కోస్తా జిల్లాలలో ఈ పంటలకు సార్వా, దాళ్వా అనే పేర్లున్నాయి. ఈ పేర్లన్నీ ఆయా నేలల మీద రైతులు పెట్టుకొన్నవి. వీటిలో ఏదీ మరొకదానికి తప్పు రూపం కాదు.

ఈ విషయం బోధన్, వర్ని ప్రాంతాల వారికి మరింత బాగా తెలియాలి. మంజీర నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయిన తరువాత, ఆ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి అనేక రైతు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. వారు నివసించిన చోట్లు నేటికీ క్యాంపులుగా ప్రసిద్ధి పొందాయి. మరొకవైపు మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కనుక మరాఠీ వినిపిస్తుంది. పట్టణాలలో ఉర్దూ ఇంటిభాషగా గలవారు చాలామంది ఉన్నారు. ఒకే తరగతి గదిలో ఒకరు 'మక్కలు' అంటే మరొకరు 'మొక్కజొన్న' అంటారు. ఒకరు 'దవాఖాన' అంటే మరొకరు 'ఆసుపత్రి' అంటారు. మొదటిది ఉర్దూ నుండి, రెండవది ఆంగ్లం నుండి వచ్చాయి. రెండింటిలో ఏది స్వచ్ఛమైనదని వాదించడం వృథా.

బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఉన్న ప్రాంతం పేరు శక్కర్‌నగర్. 1937లో స్థాపితమైన ఆ సంస్థ ఈ ప్రాంతపు చెరకు రైతులకు దీర్ఘకాలం ఆధారమై, 2015లో మూతపడింది. కర్మాగారం మూతపడినా పేరు మిగిలింది. సంస్కృతంలో 'శర్కర' అన్న మాట పారశీకంలోకి వెళ్లి, ఉర్దూలో 'శక్కర్' అయింది. ప్రాకృతం మీదుగా తెలుగులో 'చక్కెర' అయింది. శక్కర్ అన్నా చక్కెర అన్నా తీపి ఒక్కటే. మాట ప్రయాణం చేసినప్పుడు రూపం మారుతుంది. ఆ మార్పును ఒక జనసమూహం మొత్తం అంగీకరించి వాడినప్పుడు అది తప్పు కాదు, వాడుక.

ఇట్లాంటి మాటలను పండితులు నిర్లక్ష్యం చేయలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో మాండలిక వృత్తిపదకోశంగా ప్రచురించింది. ఒకే పనిముట్టుకు, ఒకే పనికి ప్రాంతానికొక పేరు ఉండటాన్ని అది దోషంగా గాక సంపదగా నమోదు చేసింది.

రూపం ఎవరు నిర్ణయిస్తారు?

మాటలు మారుతూ ఉంటే వ్రాతకు నియమం ఎందుకన్న సందేహం రావచ్చు. వ్రాత కూడా మారుతుంది. శబ్దరత్నాకరం వంటి పాత నిఘంటువులలో 'చెరకు' అన్న మాటను 'చెఱకు' అని బండి ఱతో చూస్తాము. 'ఏఱు' అంటే నది. 'ఏరు' అంటే నాగలి. నేడు బండి ఱ, అరసున్న దాదాపుగా వాడుకలో లేవు. 'వ్రాయు', 'రాయు' అనే రెండు రూపాలూ నేడు చెల్లుతున్నాయి. ఒక రచనలో ఒకే రూపాన్ని పాటిస్తే చాలు. ప్రాధాన్యం, ప్రాముఖ్యం అనే మాటలకు మరల 'త' చేర్చి ప్రాధాన్యత, ప్రాముఖ్యత అనడం వ్యాకరణవేత్తలు ఒప్పుకొనరు. అయినా పత్రికలలో అవి విస్తారంగా వ్యాపించాయి. ఇటువంటి చోట నియమాన్ని తెలిసి ఉండటం మంచిది. వాడినవారిని నిందించడం మంచిది కాదు.

వ్రాతభాషను ప్రజల మాటకు దగ్గరగా తేవాలని జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) జన్మదినం ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. బడిలో నేర్పే పుస్తకాల భాషకు, ప్రజల పలుకుబడికి మధ్య ఉన్న దూరాన్ని ఎత్తిచూపి, తెలంగాణ పలుకుకు గౌరవం కావాలన్న కాళోజీ నారాయణరావు (1914–2002) జన్మదినం సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వీరిద్దరూ కోరినది వాడుకమాటకు గౌరవం. అక్షరదోషాలకు అనుమతి కాదు.

నిజాం పాలనలో ఈ ప్రాంతంలో తెలుగుకు ఆ గౌరవం లేదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనా మాధ్యమం. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటం ప్రారంభించగానే కొందరు ఎగతాళి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. ఆ ఉద్యమం నుండి రూపొందిన ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది. మాట్లాడితే నవ్వుతారన్న భయం ఎంత బాధ కలిగిస్తుందో ఈ నేల ఎరుగును. ఇంటి మాట వ్రాసిన పిల్లను చూసి నేడు మనమే నవ్వితే ఆ చరిత్రను మరచినట్లవుతుంది.

తప్పును, యాసను వేరుచేయడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ఒక మాట మీద అనుమానం కలిగినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ రూపాన్ని ఒక ప్రాంతం వారంతా తెలిసి, ఒకే అర్థంలో వాడుతున్నారా? వాడుతుంటే అది యాస. వ్రాసినవారు అనుకొన్నది ఒకటి, కాగితం మీద పడినది మరొకటి అయిందా? అయితే అది తప్పు. 'యాసంగి' అన్నవారు యాసంగినే ఉద్దేశించారు. 'పతకం' అని వ్రాసినవారు పతకాన్ని ఉద్దేశించలేదు.

యాస తప్పు కాదు గనుక ఎక్కడైనా ఎట్లాగైనా వ్రాయవచ్చునా? సందర్భాన్ని గమనించాలి. కథలో పాత్ర "మా నాయిన చెప్పిండు" అంటే జీవం ఉట్టిపడుతుంది. అదే మాటను కార్యాలయానికి వ్రాసే దరఖాస్తులో "మా నాన్నగారు చెప్పారు" అని వ్రాస్తాము. పెండ్లికి వెళ్లేటప్పుడు, పొలానికి వెళ్లేటప్పుడు వేరువేరు బట్టలు కట్టుకొంటాము. వాటిలో ఏవీ తప్పుడు బట్టలు కావు.

దిద్దుకొనే విధానం

తప్పులు దిద్దుకోవడానికి ముందుగా నిఘంటువు చూసే అలవాటు కావాలి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును ప్రకటించాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. నేడు ఇవి అంతర్జాలంలోనూ లభిస్తున్నాయి. ఫోనులో ఒక మాట వెదకడానికి పట్టే కాలం అర నిమిషం. పాసుపుస్తకంలో ఒక ఒత్తు దిద్దించుకోవడానికి పట్టే కాలం ఎంతో భూమయ్యను అడిగితే చెబుతాడు.

రెండవది, వ్రాసిన దానిని పైకి చదువుకోవాలి. చదివేటప్పుడు ఒత్తులను ఒత్తి పలకాలి. శ, ష, స లను. ల, ళ లను. న, ణ లను వేరుగా పలకాలి. అప్పుడు చెవి కూడా కంటికి సహాయం చేస్తుంది. మూడవది, తాము తరచుగా చేసే తప్పులను ఒక పుస్తకంలో వ్రాసుకొని, వాటి పక్కన సరైన రూపాన్ని, ఆ పద కుటుంబాన్ని వ్రాసుకోవాలి. చాలామంది చేసే తప్పులు కొద్దిపాటి మాటలలోనే మళ్లీ మళ్లీ వస్తాయి. నాలుగవది, పేర్లు, అంకెలు, తేదీలు, సర్వే నంబర్లు ఉన్న ఏ కాగితాన్నయినా సంతకం చేయకముందే మరొకసారి చదవాలి. కార్యాలయంలో ఇచ్చిన పత్రాన్ని అక్కడే చదువుకొని, పేరు సరిగా పడిందో లేదో చూసుకోవాలి. చదువు రాని తల్లిదండ్రుల తరఫున ఈ పని చేయవలసినవారు చదువుకొంటున్న పిల్లలే.

ఎదుటివారి తప్పును దిద్దేవారికి కూడా ఒక నియమం ఉన్నది. సున్నా చుట్టి వదిలిపెట్టరాదు. అది ఎందుకు తప్పో చెప్పాలి. కారణం చెప్పలేకపోతే అది నిజంగా తప్పో కాదో ముందుగా తామే తెలుసుకోవాలి. మన కథలోని పెదనాన్న ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేక, నిఘంటువు తెరిచి చూశాడనుకొందాం. అప్పుడు ఎనిమిది సున్నాలలో మూడింటిని ఆయనే కొట్టివేసి ఉండేవాడు. మిగిలిన ఐదింటిని ఆమె దిద్ది, దరఖాస్తును మరల ఇట్లా వ్రాసింది:

"మా నాన్న పేరు పాసుపుస్తకంలో తప్పుగా పడినందున మూడేండ్ల నుండి మాకు ప్రభుత్వ పథకం అందడం లేదు. పోయిన యాసంగిలో వడ్ల దిగుబడి కూడా తగ్గింది. కావున పేరు సరిచేసి ధ్రువీకరణ పత్రం ఇప్పించగలరని ప్రార్థన."

ఇప్పుడు ఈ దరఖాస్తులో తప్పు లేదు. ఆ ఇంటి మాట కూడా పోలేదు. ఏ అధికారి చదివినా భూమయ్య కష్టం ఏమిటో, ఆయనకు కావలసినది ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది. శుద్ధంగా వ్రాయడం వల్ల కలిగే ప్రయోజనం అదే.